మా బావ ఫోటోలో మోచెయ్యి

మా బావని వీధిలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. "కదలకండి" అంటారు. "కదలకండి కొట్టు పక్క సందు", "కదలకండి గారి మేడ మీద అద్దెకుంటున్నాం", ఇలా. ఫోటో స్టూడియో ఆయనది, ఇస్త్రీ కొట్టు నాది. మధ్యలో ఉన్నది ఒక్క చెక్క గోడ. ఆయన లోపల ఏమన్నా నా బల్ల దగ్గరికి వినపడాల్సిందే. "గడ్డం పైకెత్తండి... అంత కాదమ్మా, పైకప్పు బూజు చూస్తున్నావా ఏంటి... ఆఁ, అక్కడే... కదలకండి!" పొద్దున్నుంచి ఇదే పాట. నిద్రలో కూడా అంటాడట. మా అక్క పక్కకి తిరగబోతే చాలు, కళ్ళు తెరవకుండానే "కదలకండి" అంటాడట.

మా అక్క ఆయనకి దక్కడం కూడా ఆ కెమెరా పుణ్యమే. ఎవరో మంచి సంబంధం వాళ్ళు పిల్ల ఫోటో పంపమంటే మా నాన్న అక్కని ఆ స్టూడియోకి తీసుకెళ్ళాడు. మొదటి ఫోటో చెడిపోయిందన్నాడు. మళ్ళీ వెళ్ళారు. అదీ చెడిపోయిందన్నాడు. ఇంకోసారి రమ్మనేసరికి మా నాన్నకి ఒళ్ళు మండింది. "ఏం నాయనా, జబ్బు నీ కెమెరాకా, నీకా?" అని అడిగాడు. "నాకేనండీ" అన్నాడు మా బావ, తల వంచుకుని. ఆ మంచి సంబంధం వాళ్ళకి ఫోటో ఇప్పటికీ అందలేదు.

మనిషి మంచివాడే. కానీ తన పని దగ్గర తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఫోటోలో కళ్ళు మూసుకుంటే తప్పు నీది. బొమ్మ మసకేస్తే నువ్వు కదిలావు. ముసలాయనెవరో "నా ముక్కు ఇంత పెద్దగా వచ్చిందేంటయ్యా" అంటే, "అది మీరు తెచ్చిందేనండీ, నేను కలిపింది కాదు" అని పంపించాడు. "నా చేతిలో ఇంతవరకు ఒక్క తల తెగలేదు మరదలా" అని నా దగ్గర గొప్పలు పోయేవాడు. నిజమేనని నేనూ నమ్మాను.

మా వీధి చివర విదేశీ విద్యార్థుల భవనం ఉంది. బయటి దేశాల పిల్లల్ని మన సర్కారు తీసుకొచ్చి చదివిస్తుంది. మన పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళి చదివిస్తారు. వాళ్ళలో వాళ్ళకి ఒప్పందాలు. ఎందుకింత శ్రమ అంటే, అక్కడి పెద్దసారు ఏటా మైకు పట్టుకుని చెప్తాడు, వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది: "ఒక్క విద్యార్థిని చదివిస్తే ఒక్క రాయబారిని తయారు చేసినట్టే! రేపు ఆ దేశంలో మన మాట చెప్పే నోరు అదే!"

అదేంటో నాకు అర్థం కాలేదని బావనడిగాను.

"ఏముందే, అల్లుడికి మర్యాద చేసినట్టే. ఇక్కడ బాగా చూసి పంపిస్తే అక్కడికెళ్ళి మన గురించి నాలుగు మంచి మాటలు చెప్తాడు."

"మా నాన్న నీకు అన్ని మర్యాదలు చేశాడు కదా బావా, నువ్వు చెప్పిన ఆ నాలుగు మంచి మాటలేవో చెప్పు, వింటాను."

"నీకు బొగ్గులు ఆరిపోతున్నాయి, పోయి చూసుకో" అన్నాడు.

ఆ భవనంలో ఏటా తీసే గుంపు ఫోటో మా బావదే. ఆయన జీవితంలో ప్రధానమంత్రి పదవి లాంటిది అది. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుంటాడు, నా దగ్గర ఇస్త్రీ చేయించుకుని, డబ్బులడిగితే "దేశసేవకి వెళ్తున్నాను" అంటాడు. భవనం ముందు పెద్ద గచ్చు. గోడకి ఆనుకుని పిల్లలు వరసల్లో నిలబడతారు. వాళ్ళ ముందు కుర్చీలు, పెద్దవాళ్ళకి. ఈ చివర కెమెరా స్టాండు. స్టాండు వెనక గచ్చు అయిపోయి, మోకాలంత దిగువన పూలమడి. అంటే మా బావకి వెనక్కి జరగడానికి చోటు లేదు. ఫోటోలో ఎంతమంది పడితే అంతే. తీసిన ఫోటోలన్నీ పేర్లు రాయించి, లోపల నడవా పొడుగునా గోడకి తగిలిస్తారు. వచ్చిన ప్రతి అతిథికీ పెద్దసారు ఆ నడవా చూపించి, "వీళ్ళంతా మా రాయబారులు" అంటాడు.

ఇక అసలు సంగతికొస్తాను. మా అక్కకి ఒక్కత్తే కూతురు. దాన్ని మేం "భూతద్దం" అంటాం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అద్దం ఎత్తుకుపోయి చీమల్ని, చొక్కా దారాలని, నా ముక్కు మీది పుట్టుమచ్చని చూసేది. ఏ సంగతైనా దగ్గరగా పెట్టుకుని చూస్తే గానీ వదలదు. పెద్దయ్యాక కూడా ఆ పిచ్చి పోలేదు. కెమెరాలకీ, కళ్ళకీ, ఆస్పత్రి యంత్రాలకీ అద్దాలు అరగదీసి తయారుచేసే చదువొకటి ఉందట. అది బాగా చెప్పేది ఒక్క దేశంలోనే. అక్కడికి మన సర్కారు పంపే పిల్లల్లో మా భూతద్దం ఎంపికైంది. వీధంతా చెప్పుకున్నాం. మా అక్క కాలు వారం రోజులు నేలకి ఆనలేదు.

అంతలో పిడుగు లాంటి కబురు. ఆ దేశంతో ఒప్పందం గడువు అయిపోయిందట. కొత్తది రాసుకుంటేనే పిల్లలు వెళ్ళేది. అటువైపు నుంచి సంతకం పెట్టాల్సింది వాళ్ళ చదువుల శాఖలో పెద్దావిడ. ఆవిడేమో ఇంకా తేల్చుకోలేదట. "మన పిల్లల్ని అంత దూరం పంపి ఏం బావుకున్నాం, అక్కడ వాళ్ళని పట్టించుకునేదెవరు" అని వాళ్ళ దేశంలో గోలగా ఉందట. వచ్చి, కళ్ళారా చూసి, అప్పుడు చెప్తానందట. మా ఇంట్లో ఆవిడకి "సంతకం మేడమ్" అని పేరు పడిపోయింది. పొద్దున లేస్తే అక్క దేవుడికి ఒక దణ్ణం, సంతకం మేడమ్‌కి ఒక దణ్ణం పెట్టేది.

అయితే ఒక ఆశ ఉంది. ఆ సంతకం మేడమ్ వయసులో ఉన్నప్పుడు మన దగ్గరే, ఆ భవనంలోనే ఉండి చదువుకుందట! పెద్దసారుకి పట్టలేని సంతోషం. "మన చేతి మొక్క! నడవాలో ఆమె ఫోటో ఆమెకే చూపిద్దాం. చూసి కరిగిపోతుంది. ఆ కరగడం ఫోటో తీయించి పేపర్లలో వేయిద్దాం." ఆ ఏటి ఫోటో దింపించి, అందులో ఆవిడ మొహం పెద్దది చేసి ఇమ్మని మా బావకి పంపాడు.

బావ ఫోటోని స్టూడియో బల్ల మీద పరిచాడు. కింద పేర్లు వరసగా ఉన్నాయి. నిలబడిన వాళ్ళలో చివరి పేరు ఆవిడదే. బావ వేలు పెట్టి పేరుకో మొహం చొప్పున లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. పేరొకటి మిగిలింది గానీ మొహాలు అయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. నేను చెక్క గోడ సందులోంచి చూస్తూనే ఉన్నాను.

భూతద్దం వంగి, చివర వేలు పెట్టింది. "నాన్నా, ఇదేంటి?"

"ఎక్కడ? అదా... నీడ."

"నీడకి గళ్ళ చొక్కా ఉంటుందా నాన్నా? గుండీ కూడా ఉంది."

నేను కొట్టు వదిలేసి వచ్చి చూశాను. మోచెయ్యి. ఒక ఆడపిల్ల మోచెయ్యి, గళ్ళ కోటు చేతిలో, ఫోటో అంచున. మిగతా పిల్ల లేదు.

"ఆమే కదిలి ఉంటుంది" అన్నాడు బావ.

"మోచెయ్యి ఇక్కడ పెట్టి మనిషి పక్కకి వెళ్ళిందా బావా? 'నేనిప్పుడే వస్తా, దీన్ని చూస్తూ ఉండండి' అని?"

"ఒక్క తల తెగలేదన్నారు కదండీ," అంది అక్క గుమ్మంలోంచి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. "తల తెగలేదు, నిజమే. మొత్తం మనిషే పోయింది. అదీ ఎవరు? ఊళ్ళో ఎవరూ దొరకనట్టు సంతకం మేడమ్!"

ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. మా ఇంటికొచ్చి తిన్నారు, ముగ్గురూ మూడు గోడల వైపు తిరిగి.

మర్నాడు పెద్దసారు స్టూడియోకే వచ్చాడు. మోచెయ్యి చూసి చెమటలు తుడుచుకున్నాడు. "ఏదో ఒకటి చెయ్యవయ్యా. ఆ పక్కన ఒక మొహం అతికించు. చిన్నప్పటి మొహం ఎవరికి గుర్తుంటుంది?"

మా బావ మామూలుగా అయితే ఆయన్ని కూడా గడ్డం పైకెత్తమని పంపించేసేవాడు. కానీ కూతురి సీటు. ఊఁ అన్నాడు. గళ్ళ కోటు ఒకటి నా దగ్గర ఇస్త్రీకొచ్చిన బట్టల్లోంచే తీసుకెళ్ళి భూతద్దానికి తొడిగి, గోడకి నిలబెట్టాడు. ఫోటో తీశాడు, కత్తిరించాడు, అతికించాడు. చూస్తే ఆ మోచెయ్యి పిల్ల మెడలోంచి మొలిచినట్టుంది. ముందు నేను నవ్వాను, తర్వాత అక్క నవ్వింది. భూతద్దం మాత్రం నవ్వలేదు.

"ఆవిడ మొహం ఉండాల్సిన చోట నా మొహం పెట్టి, ఆవిడకే చూపిస్తావా నాన్నా? నేను వెళ్ళాలనుకున్నది చదువుకోవడానికి. ఇలా వెళ్ళడం నాకొద్దు" అని కోటు విప్పి నా చేతిలో పెట్టింది.  బావ అతికించింది గోరుతో గీకి తీసేశాడు.

అప్పుడు పెద్దసారు పెద్ద ఆలోచన చేశాడు. ఆ ఒక్క ఫోటోని సామాన్ల గదిలో పడేయించి, గోడ మీద ఖాళీలో నిప్పు ఆర్పే బోర్డు తగిలించాడు. అదే, ఎర్ర డబ్బా పట్టుకుని ఒక మనిషి బొమ్మ, కింద "మంటలు లేస్తే కంగారు పడకండి" అని ఉంటుందే, అది.

మేడమ్ వచ్చే రోజు పొద్దున అక్క బావని గుమ్మంలో ఆపింది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూట నోరు విప్పకండి. మీ పని మీరు చూసుకోండి, రండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీ నోటికి ఊరు కాదు, దేశాలే చేజారిపోతాయి." అని పెద్ద పిప్పరమెంటు బిళ్ళ ఆయన నోట్లో పెట్టింది. "ఇది కరిగేదాకా మాట్లాడకూడదు. కరిగితే ఇంకోటి వేసుకోండి." జేబు నిండా పోసింది.

నేను ముందే వెళ్ళిపోయాను. రెండు దేశాల జెండాలూ, సంతకాల బల్ల మీది గుడ్డా ఇస్త్రీ చేయడానికి నన్నే పిలిచారు. నడవా మూలన బల్ల వేసిచ్చారు. రెండు జెండాలూ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి రుద్దేశాను. ఆ రోజు రెండు దేశాలు నిజంగా దగ్గరైన చోటు ఏదైనా ఉంటే నా ఇస్త్రీ పెట్టె కిందే. ఎంపికైన పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ వచ్చారు. అక్క వచ్చి నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, పిండడం.

సంతకం మేడమ్ వచ్చింది. ఏదో పెద్ద కిరీటం ఊహించుకున్నాను గానీ మామూలు మనిషే. పొట్టి జుట్టు, మెత్తటి చెప్పులు, చేతిలో తన సంచి తనే మోసుకుంటోంది. మన మాట ఇంకా మర్చిపోలేదు, కాకపోతే ఒక్కో మాటా మెట్టు దిగినట్టు చూసుకుని దిగుతుంది. నా బల్ల దగ్గర ఆగి, "ఇక్కడ ఎప్పుడూ ఇస్త్రీ వాసన ఉండేది కాదు, బాగుంది" అంది. మా అక్క ఆ మాటకే సగం సంతకం అయిపోయినట్టు మురిసిపోయింది.

నడవాలో ఒక్కో ఫోటో దగ్గరా ఆగుతూ వస్తోంది. పక్కన పెద్దసారు. వాళ్ళ ముందు, వెనక్కి నడుస్తూ మా బావ, మెడలో కెమెరా, బుగ్గలో పిప్పరమెంటు. "వీళ్ళు మా సీనియర్లు... ఈయన మా వార్డెన్ గారు... మా బ్యాచ్ దీని తర్వాతదే" అంటూ వచ్చి ఆగింది. ఎదురుగా ఎర్ర డబ్బా మనిషి. మంటలు లేస్తే కంగారు పడకండి.

"ఇక్కడ మా ఫోటో ఉండాలి కదా?"

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "ఉండేది మేడమ్. చాలా బాధాకరం. చెదలు. మొత్తం తినేశాయి."

కటుక్కుమని శబ్దం వినపడింది. అక్క కళ్ళు మూసుకుంది. "కొరికేశాడే" అంది.

"చెదలా?" అన్నాడు బావ. "నా ఫోటోకి చెదలా? అద్దం వేసి, వెనక అట్ట వేసి, అంచులన్నీ కాగితంతో మూసి ఇచ్చానండీ! గోడకి చెదలు పట్టినా నా ఫోటోకి పట్టవు. సామాన్ల గదిలో చీపుర్ల వెనక ఉంది మేడమ్, చిటికెలో తెస్తాను!" అని పరుగు పెట్టాడు.

పెద్దసారు మొహం నేను ఇస్త్రీ చేసిన గుడ్డ కన్నా తెల్లగా అయింది. అక్క గోళ్ళు నా చేతిలో దిగాయి. భూతద్దం ఆ చివర పిల్లల మధ్య రాయిలా నిలబడిపోయింది.

బావ ఫోటో తెచ్చి, దుమ్ము చొక్కాతోనే తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టాక గుర్తొచ్చింది మహానుభావుడికి, అందులో ఏముందో. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అప్పటికే ఆవిడ చూస్తోంది.

వేలితో అంచు తడిమింది. "ఈ గళ్ళ కోటు మా అమ్మ కుట్టింది" అంది. "నేను బయల్దేరే ముందు." మళ్ళీ చూసింది. "ఇది గోడకెక్కక ముందే నేను వెళ్ళిపోయాను. మా పిల్లలకి చెప్పాను, ఆ దేశంలో గోడ మీద నేనున్నాను అని. మా ఆఫీసులో కూడా చెప్తాను. మీకేం ఇచ్చింది ఆ దేశం అని ఎవరైనా అడిగితే, ఇదే చెప్తాను."

"అదంతా ఫోటోగ్రాఫర్ పొరపాటు మేడమ్!" అన్నాడు పెద్దసారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారే, ఆయనకి మా బావ జుట్టు అందింది.

బావకి రోషం వచ్చింది. "పొరపాటేం కాదండీ. మీరే కదిలుంటారు మేడమ్" అన్నాడు! అక్క "రామ రామ" అని గోడకి జారగిలబడింది.

"నేను కదల్లేదు" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. "మీరు కదలకండి అన్నారు. నేను ఊపిరి కూడా తీసుకోలేదు."

 బావ ఒక పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకోబోయి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"మీకు కనపడిందా అప్పుడు? నేను బయట ఉన్నానని?"

బావ తన చెప్పుల వైపు చూశాడు. "కనపడిందండీ. ఆ పూట కుర్చీలు ఎక్కువయ్యాయి. ఎవరో అతిథులు, వాళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళతో వచ్చినవాళ్ళు. మధ్యలో కుర్చీ వేసినప్పుడల్లా అంచున పిల్లలు జరిగారు. వెనక్కి వెళ్దామంటే నా వెనక పూలమడి. కుర్చీల్లో వాళ్ళని లేవమనాలి. అది నాకు చేతకాలేదండీ. నాకు కదలకండి అనడమే వచ్చు."

 ఆవిడ ఫోటో పట్టుకుని నడవాలో వచ్చిన దారినే వెనక్కి నడిచింది, ఈసారి మొహాలు కాదు, కుర్చీలు చూస్తూ. పాత ఫోటోల్లో రెండో మూడో కుర్చీలు. ఇటు వచ్చేకొద్దీ బారు పెరిగింది. అన్నిటికన్నా కొత్త ఫోటోలో ముందు వరసంతా కోట్లూ, మెడల్లో దండలూ. పిల్లలేమో వెనక, ఒకరి భుజం మీంచి ఒకరు, బస్సు కోసం తోసుకుంటున్నట్టు.

"మా దేశంలో నన్ను అడుగుతున్నారు, అక్కడ మన పిల్లలు ఎక్కడున్నారు అని," అంది పెద్దసారుతో. "నేనేం చెప్పాలి?"

పెద్దసారు రాయబారులనీ, వారధులనీ ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ విని, "ముందు ఈ ఏటి ఫోటో తీయండి. తర్వాత లోపలికి వెళ్దాం" అంది. సంతకం మాట ఎత్తలేదు.

అందరం గచ్చు మీదికి వచ్చాం. కుర్చీలు అప్పటికే వేసి ఉన్నాయి, పొద్దున్నుంచి. మధ్యలో పెద్దసారు కూర్చున్నాడు. అటూ ఇటూ చిన్నసారు, ఆయన కింద సారు, వాళ్ళ ఇంటావిడలు, రెండు పేపర్ల పెద్దమనుషులు. మేడమ్‌కి కూడా కుర్చీ వేశారు గానీ ఆవిడ వెళ్ళి పిల్లల్లో నిలబడింది. మన పిల్లలూ, బయటి దేశాల పిల్లలూ కలిసి గోడ పొడుగునా సర్దుకున్నారు. నేనూ అక్కా పక్కన స్తంభం దగ్గర నిలబడ్డాం.

నల్లగుడ్డ కప్పుకుని ఫోటో తీసే రోజులు పోయినా, బావ కెమెరా స్టాండు మీద పెట్టి ఒక కన్ను మూసి చూస్తాడు. చూశాడు. తల ఎత్తాడు. మళ్ళీ చూశాడు. నేను ఆయన చూపు వెంట అటు చూశాను. వరస చివర మా భూతద్దం.

"పట్టట్లేదే" అంది అక్క నా చెవిలో. "ఆయన మొహం చూడు. పిల్ల పట్టట్లేదు."

బావ స్టాండు ఎత్తి వెనక్కి జరగబోయాడు. ఒక కాలు పూలమడిలో దిగింది. పొద్దున్నే నీళ్ళు పెట్టారేమో, చీలమండ దాకా బురద. దిగి, స్టాండు అక్కడ పెట్టి చూశాడు. ఏం కనపడుతుంది అక్కణ్ణించి? పెద్దసారు బూట్లు. మళ్ళీ పైకెక్కాడు, ఒక చెప్పు మడిలోనే వదిలేసి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఆయనకి కడుక్కునే తీరిక కూడా లేదు.

"త్వరగా కానివ్వవయ్యా, ఎండ" అన్నాడు పెద్దసారు.

బావ చెయ్యి ఎత్తాడు. "కద..." అన్నాడు. ఆగిపోయాడు. ఆ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. నా చెయ్యి అక్క గుప్పిట్లో ఉందో, ఊడిందో తెలియలేదు.

"సార్," అన్నాడు. గొంతు పలచగా వచ్చింది, మా నాన్న ముందు "నాకేనండీ" అన్నప్పుడు ఇలాగే అని ఉంటాడు. "సార్, లేవండి."

"ఎవరు?"

"మీరేనండి. అందరూ. కుర్చీలు తీసేసి మీరు వెనక్కి వెళ్తేగానీ పిల్లలు పట్టరు."

పెద్దసారు మేడమ్ వైపు చూశాడు. ఆవిడ పక్క పిల్లాడి కాలరు సరిచేస్తోంది, అసలు వినపడనట్టు. పెద్దసారు లేచాడు. లేచి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "అదే, నేనే చెప్దామనుకుంటున్నాను, పిల్లలే ముఖ్యం" అన్నాడు. ఆయన లేచాక మిగతావాళ్ళు కూర్చుంటారా? బిలబిలమని లేచారు. కుర్చీలు పక్కకి పోయాయి. పిల్లలు ముందుకి వచ్చి రెండు వరసలు నేల మీద కూర్చున్నారు. పెద్దలు గోడ దగ్గరికి వెళ్ళారు. చిన్నసారు పొట్టి మనిషి, ఆయన మొత్తం మాయమైపోయాడు. ఆయన బట్టతల ఒక్కటే కొండ వెనక చందమామలా వచ్చింది ఫోటోలో. ఆయన ఇంటావిడ ఇప్పటికీ నాకు ఇస్త్రీకి బట్టలు వెయ్యట్లేదు, నేనేదో చేయించినట్టు.

అందరూ పట్టారు. మా భూతద్దం రెండు చెవులతో సహా పట్టింది. బావ చూసుకుని, ఏమీ అనకుండా నొక్కేశాడు. కదలకండి అనడం మర్చిపోయాడు. అందుకే ఆ ఫోటోలో ఒక పిల్ల జడ సర్దుకుంటోంది, ఒకడు ఆవలిస్తున్నాడు, మేడమ్ పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది.

తర్వాత లోపలికి. బల్ల మీద నా ఇస్త్రీ గుడ్డ, దాని మీద రెండు జెండాలు, మధ్యలో కాగితాలు. మేడమ్ కూర్చుంది. కాగితాలు చదివింది. పెన్ను తీసింది. మళ్ళీ పెట్టేసింది. పెద్దసారుని అడిగింది: "ఇక మీద మా పిల్లల కార్యక్రమాలు మా పిల్లల్ని అడిగి పెడతారా?"

"తప్పకుండా మేడమ్."

"అది ఇందులో లేదు."

"రాయిద్దాం మేడమ్."

"నేనే రాస్తాను" అంది. అంచున రెండు వరసలు చేత్తో రాసి ఆయన వైపు తోసింది. ఆయన చదివి, కింద పొట్టి సంతకం పెట్టాడు. అప్పుడు ఆవిడ పెన్ను చేతిలోకి తీసుకుంది.  భూతద్దం గోళ్ళు కొరుక్కుంటోంది. అక్క పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో. పెన్ను కాగితానికి ఆనింది. ఇటు నుంచి అటు, ఒక్క లాగు. అయిపోయింది.

చప్పట్లు. అక్క కూతుర్ని పట్టుకుని బావురుమంది. నేనూ ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

ఆ చప్పట్ల మధ్యలో పెద్దసారు చెయ్యెత్తి, "సంతకం ఫోటో వచ్చిందా?" అన్నాడు.

అందరం బావ వైపు చూశాం. ఎదురుగా, అందరికన్నా ముందు, ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. కెమెరా మెడలో వేలాడుతోంది. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళు.

"తీశావా లేదా?"

"చూశానండీ" అన్నాడు బావ.

"చూడ్డమేంటయ్యా, రెండు దేశాల సంతకం! రేపు పేపర్లో రావాలి!"

"పెన్ను వైపే చూస్తూ ఉండిపోయానండీ."

పెద్దసారు తల పట్టుకున్నాడు. మేడమ్ అప్పుడు నవ్వింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. అప్పటికే పెన్నుకి మూత పెట్టేసి సంచిలో వేసుకోబోతోంది. మళ్ళీ తీసి, మూత కూడా తియ్యకుండానే కాగితం మీద పెట్టి, "ఊఁ, కానివ్వండి. ఈసారి చెప్తారా, కదలకండి అని?" అంది.

చెప్పాడు. తీశాడు.

మర్నాడు అన్ని పేపర్లలో అదే ఫోటో, "చారిత్రక సంతకం" అని. పెన్నుకి మూత ఉందని ఎవరూ గమనించలేదు. మా భూతద్దం చదువుకి వెళ్ళిపోయి కూడా చాలా రోజులైంది. బట్టల కోసం నా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ మా అక్క ఆ పేపరు ముక్క చూపించి, "ఇదిగో, ఇక్కడ చూడండి, మూత! మా ఆయన ఘనకార్యం" అని వేలు పెట్టి మరీ చెప్తుంది. చెక్క గోడ అవతల నుంచి బావ, "అవతల ఇస్త్రీ మాడుతోంది, వాసనొస్తోంది!" అని అరుస్తాడు.